దివాణం మీద కట్టిన పాట

నా చిన్నప్పుడు మా ఇంటిని ఊళ్ళో ఎవరూ ఇల్లు అనేవారు కాదు, దివాణం అనేవారు. కోడూరు నుంచి హంసలదీవి వెళ్ళే దారిలో ఉన్న మా ఊళ్ళో అదొక్కటే మేడ. నాకు ఊహ తెలిసేసరికే ఆ మేడ కప్పు సగం దిగిపోయింది. పొలాలు మా తాతయ్య హయాంలోనే కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి పోయాయి. తాతయ్యా పోయాడు. రెండెకరాలు మిగిలాయి. పేరు మాత్రం పోలేదు, మేమూ పోనివ్వలేదు. గౌనుకు మాసికలున్నా సరే, వీపు నిటారుగా పెట్టుకుని బడికి నడవమని మా నాయనమ్మ చెప్పేది. నేను అలాగే నడిచేదాన్ని.

మా నాయనమ్మ పుట్టిల్లు గుడివాడ దగ్గర. పెళ్ళికి ముందు పదేళ్ళు గురువు దగ్గర కూర్చుని సంగీతం నేర్చుకున్న మనిషి. నాకు పదకొండేళ్ళప్పుడు రోజూ పొద్దున్నే పాఠం చెప్పేది. నా గొంతు వెంట్రుకవాసి తప్పినా, తొడ మీద తాళం వేస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయేది. ఒక్క మాట అనేది కాదు. ఆ చెయ్యి ఆగడమే పెద్ద తిట్టు. శ్రుతి తప్పడమంటే మా ఇంట్లో అబద్ధం ఆడడం కన్నా పెద్ద తప్పు.

మా రెండెకరాల్లో ఊడ్పులు ఊడ్చే, అంటే వరి నాట్లు వేసే, ఆడవాళ్ళ ముఠాకు పాట ఎత్తే మనిషి కాలవగట్టు మీద ఇంట్లో ఉండేది. నేను ఆమెను కాలవగట్టు అక్క అనేదాన్ని. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టు అవతలి ఊరికి వినిపించేది. మా వైపు ఊడ్పుల పాటలకు ఒక ఆచారం ఉండేది. పొలం గలవాళ్ళు గట్టు మీద కనబడితే చాలు, వాళ్ళ మీద అప్పటికప్పుడు చరణాలు కట్టి పాడేవారు. పిసినారితనం, బట్టతల, పెళ్ళాం మీద అరుపులు, ఏది దొరికితే అది. ఊడ్పుల్లో అన్న మాటకు కోపం తెచ్చుకోకూడదు. కోపం వచ్చిందని తెలిస్తే ఇంకో చరణం పడేది. మిగతావాళ్ళకు రెండు పడితే దివాణానికి ఏటా నాలుగు పడేవి. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ మా నాన్న నవ్వేవాడు గాని, నాకు చెవులు ఎర్రగా కాలిపోయేవి. నాయనమ్మ అటు వచ్చేదే కాదు. దివాణం ఆడవాళ్ళు పొలం గట్టుదాకా వెళ్ళడమే నామోషీ. ఆవిడ మేడమీద కిటికీ దగ్గర కూర్చుని వినేది. గాలి ఇటు తిరిగిన రోజున ఒక్క ముక్క పోకుండా వినిపించేది.

ఆ ఏడు ఎండాకాలంలో తుఫాను వచ్చింది. సముద్రం కరకట్ట దాటింది. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను రాయను. మా మేడ మెట్ల మీద ఎనిమిదో మెట్టుదాకా నీళ్ళు వచ్చాయి. కాలవగట్టు అక్కకు నాలుగేళ్ళ కొడుకు ఉండేవాడు, వాడు ఆ నీళ్ళలో పోయాడు. వాడు భయపడకూడదని పాడుతూనే ఉన్నానని, పాట మధ్యలోనే చెయ్యి జారిందని ఒకే ఒక్కసారి వాళ్ళమ్మతో అందట. అంతే. ఆ తర్వాత ఆమె పాట ఎవరూ వినలేదు. మాట కూడా అడిగితే ఒకటి, అడక్కపోతే అదీ లేదు.

తుఫాను తర్వాత బందరు నుంచీ ఇంకా దూరం నుంచీ మంచివాళ్ళు చాలామంది వచ్చారు. బియ్యం తెచ్చారు, దుప్పట్లు తెచ్చారు. ఒకసారి మైకుసెట్టు కట్టుకుని ఒక వ్యాను వచ్చి బడి ఆవరణలో ఆగింది. మనసుకు శాంతిగా ఉంటుందని వాళ్ళు సాయంత్రం దాకా భక్తి పాటలు పాడారు. వాళ్ళను తప్పుపట్టను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. అక్క మాత్రం లేచి, వ్యాను వైపు వీపు పెట్టి కూర్చుంది.

అది చూసి నాకొక ఆలోచన వచ్చింది. వాళ్ళ పాట బాగాలేదు కాబట్టి ఆమెకు నచ్చలేదు, నేను పాడితే నచ్చుతుంది అనుకున్నాను. దివాణం పిల్లను, సంగీతం వచ్చినదాన్ని. మర్నాడు తలంటి పోసుకుని, ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని, కాలవగట్టు మీదకు వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడి నాకు బాగా వచ్చిన కీర్తన మొదలుపెట్టాను. ఎక్కడా తప్పు పోలేదు. ఆమె చివరిదాకా వింది, గోడ విన్నట్టు. అయిపోయాక, "బాగుందండీ అమ్మాయిగారూ. ఎండెక్కుతుంది, ఇంటికెళ్ళండి" అంది.

ఏడుపు ఆపుకుని ఇంటికొచ్చాను. జరిగింది చెప్తే నాయనమ్మ ఓదారుస్తుందనుకున్నాను. "బియ్యం పంచినట్టు పాట పంచొచ్చావన్నమాట. బావుందనక ఏమంటుంది?" అంది. అప్పుడు నాకు ఏమీ అర్థం కాలేదు, కోపం తప్ప.

వానలు పడ్డాయి. పొలాల్లో నిలిచిన ఉప్పు పోవాలని కాలవ నీళ్ళు పెట్టడం, తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం. ఊరంతా అదే పని. మొదట పోసిన నారుమడి ఎర్రబడి చచ్చింది. రెండోసారి పోశారు. అది బతికింది గాని, ఊడ్పులు బాగా ఆలస్యమయ్యాయి. ముఠా ఆడవాళ్ళు అక్కను కూడా పొలానికి లాక్కొచ్చారు. వస్తుంది, వంగుతుంది, నాటుతుంది, వెళ్తుంది. పాట లేదు. ఇంకెవరైనా ఎత్తుదామంటే ఆమె ఎదుట ఎవరికీ నోరు రాలేదు. పాట ఎత్తడానికి బంటుమిల్లి వైపు నుంచి వేరే మనిషిని పిలుద్దామని ముఠా పెద్దావిడ అంది. "పిలిస్తే ఇది ఇంట్లోంచి కదలదు. ఈ ఊడ్పుల్లో నోరు తెరవకపోతే ఇంకెప్పుడూ తెరవదు" అని మరొకామె అడ్డుపడింది. ఆ ఏడు మా ఊరివాళ్ళు భయపడింది ఒక్క నారు గురించే కాదు.

మా పొలంలో ఊడ్పులు మొదలైన రోజు నేను నాన్నతో గట్టు మీదకు వెళ్ళాను. చరణాలు పడతాయని ముందే పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. ఒక్కటీ పడలేదు. బురదలో చేతులు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పాట లేనందువల్ల చేతులు కలవక, నారు వరసలు పాములా వంకర తిరిగాయి. నీళ్ళు తాగడానికి గట్టెక్కిన ఒకామె పక్కామెతో, "ఈ ఏడు దివాణాన్ని ఏమీ అనొద్దులేవే, పాపం. వాళ్ళూ మునిగినోళ్ళేగా" అంది. నాకు ఎంత సంతోషం వేసిందో. ఇంటికి పరిగెత్తి నాయనమ్మకు చెప్పాను, ఈ ఏడు మనల్ని ఎవరూ ఎగతాళి చెయ్యడం లేదని, పాపం అంటున్నారని.

నాయనమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "పాపమా? మనల్నా?" అంది. తర్వాత, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టుగా, "ఆ కాలవగట్టుదాన్ని కూడా అందరూ ఇట్లాగే పాపం పాపం అని చంపుతున్నారు" అంది.

మర్నాడు పొద్దున పాఠం లేదంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని బయల్దేరింది. అరవై దాటిన మనిషి. ఆ వీధిలో ఆవిడ చెప్పులు లేకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను వెనకాల పరిగెత్తాను. గట్టు మీద ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గట్టు దిగి, మోకాళ్ళ లోతు బురదలోకి వెళ్ళి, ఒక నారుకట్ట అందుకుని, సరిగ్గా అక్క పక్కన వరసలో నిలబడింది.

"అమ్మగారూ! ఎక్కండి, ఎక్కండి! జలగలుంటాయండీ!" అని ఆడవాళ్ళు కంగారుపడ్డారు.

"ఉండనీ. నా నెత్తురు తాగి అవి బతికి బట్ట కడతాయేమో చూద్దాం" అంది నాయనమ్మ.

ఎవరో కిసుక్కుమన్నారు. నాయనమ్మ వంగి నాటడం మొదలుపెట్టింది. నాలుగు మొక్కలు పెట్టే చోట తొమ్మిది పెట్టింది. అందరూ వెనక్కి అడుగు వేస్తుంటే ముందుకు వేసి, తను నాటినదాన్ని తనే తొక్కింది. అప్పుడు పాట ఎత్తుకుంది. ముఠా పాటే, అక్క ఎప్పుడూ పాడే వరసే. కాని కచేరీలో పాడినట్టు సాగదీసి సాగదీసి, చెయ్యి పడాల్సిన చోట రాగం తిప్పుతూ పాడింది. తాళం ఎక్కడ మొదలైందో ఎక్కడ పోయిందో తెలియలేదు. నా గొంతు వెంట్రుకవాసి తప్పితే చెయ్యి ఆపే మనిషి, మూర మూర తప్పుతూ పాడుతోంది. పైగా ఆ మాటలు వినండి:

దివాణం వాకిట్లో ధాన్యాల రాశులు
గాలొచ్చి తాకినా గింజైన కదలదు

దివాణాన్ని దెప్పాల్సిన పాటలో దివాణాన్ని పొగుడుకుంటోంది. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ పాటకు నాటబోయి ఇద్దరి చేతులు గుద్దుకున్నాయి. దారిన పోతున్న ఎరువుల కొట్టు ఆయన సైకిలు ఆపి, ఒక కాలు కింద పెట్టి చూస్తున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. గట్టు మీద నుంచే, "నాయనమ్మా, వచ్చెయ్యి, అందరూ నవ్వుతున్నారు" అని పిలిచాను. "నవ్వనీ. నవ్వితే నడుం నొప్పి తెలీదు" అని, ఇంకా గొంతు పెంచింది.

దివాణం మేడకు దేవుడే కాపలా
పెంకైన జారలేదు పెనుగాలి వేళ

సగం కూలిన మా మేడ అక్కడికి స్పష్టంగా కనబడుతూనే ఉంది. ఈసారి నవ్వు ఆపుకోలేక ముఠా పెద్దావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. అక్క మాత్రం తల ఎత్తలేదు. ఆమె చెయ్యి ఆగలేదు. నాయనమ్మ ఓరగా ఆమె వైపు చూడడం నేను చూశాను. ఒక క్షణం వెనకాడినట్టు అనిపించింది. అప్పుడు మూడో చరణం పాడింది.

దివాణం గట్టంటే సంద్రానికి భయము
అడుగైన ఇటుపక్క వెయ్యనే లేదు

నవ్వులు ఆగిపోయాయి. సముద్రం ఆ గట్టు దాటే కదా కాలవ మీద పడింది. కాలవ పక్కనే కదా అక్క ఇల్లు. ఆ మాట ఆమె పక్కన నిలబడి అనడమా? అక్క నడుం ఎత్తింది. మోచేతులదాకా బురద. నాయనమ్మ మొహంలోకి సూటిగా చూసింది. కూలి మనిషి దివాణం వాళ్ళ మొహంలోకి అలా చూడడం అదే మొదటిసారి.

"ఏంటండీ? వెయ్యలేదా?" అంది.

"వెయ్యలేదు" అంది నాయనమ్మ, తల ఎగరేసి.

అక్క మళ్ళీ వంగింది. కొట్టబోతుందేమో అనుకున్న నాకు ఆమె గొంతు వినబడింది. మొదటి మాట బొంగురుగా, తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు వచ్చింది. రెండో మాటకు గొంతు నిలిచింది.

వెయ్యలేదా అమ్మగారూ, వెయ్యనే లేదా?
మేడెక్కి మీ మంచమెక్కి పడుకోలేదా?
పట్టుచీరలు కట్టి, పెట్టెలన్నీ తిప్పి
మీ అద్దంలో మొహం చూసిపోలేదా?

చివరి మాట దగ్గర ముఠా మొత్తం ఒక్కసారిగా అందుకుంది. వాళ్ళు ఎన్ని నెలలుగా ఆ చోటు కోసం కాచుకుని ఉన్నారో ఆ అందుకోవడంలో తెలిసింది. అక్క ఆగలేదు.

కూలింది మేడైతే కూలనీ అంటారు
కూలికెళ్దామంటే వంగలేమంటారు
వంగొచ్చి నాటింది దివాణం దొరసాని
వీపేమొ వంగదు, వరసేమొ వంగె

ఎరువుల కొట్టు ఆయన బెల్లు మోగిస్తూ నవ్వాడు. గట్టు మీద మా నాన్న గొడుగు వెనక మొహం దాచుకున్నాడు. నిటారుగా నడిచే మా వీపుల మీద చరణం పడింది. అది ఊరంతా పాకుతుందని నాకు అప్పుడే తెలిసింది. నాయనమ్మ వంగి నాటుతూ ఉంది. ఆవిడ అడుగు ఇప్పుడు వెనక్కే పడుతోంది. చెయ్యి సరిగ్గా పాట మీదే పడుతోంది. నాలుగు మొక్కలే పెడుతోంది. చరణం చివర అందరితోపాటు అందుకుంటున్న ఆ గొంతు ఎంత శ్రుతిలో ఉందో ఆ పొలంలో నాకొక్కదానికే తెలుసు. అప్పుడు అర్థమైంది నాకు, ఇంతసేపూ ఆవిడ తప్పు పాడలేదని. అక్క దిద్దాలని కావాలనే తప్పు పెట్టిందని.

తర్వాతి చరణం మా మీద కాదు. అక్క గొంతు మారింది. సముద్రం ఉన్న దిక్కుకు తిరిగింది. వరస మాత్రం వదల్లేదు, నాటుతూనే తిరిగింది.

నువు పోసిన ఉప్పంత కడిగామే సంద్రం
నువు పూడ్చిన మడినే దున్నామే సంద్రం
నా కొడుకునెత్తుకుని నవ్వబోకే సంద్రం
నీ ఎదుటే మళ్ళీ నాటుతున్నా సంద్రం

ఏడుస్తూ పాడింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. చుట్టూ ఉన్నవాళ్ళూ ఏడుస్తూనే అందుకున్నారు. ఊరుకోమని ఎవరూ అనలేదు, ఎవరి చెయ్యీ ఆగలేదు. ఆ మధ్యాహ్నానికి ఎకరం పూర్తయింది. అందులో ముందు రోజువీ, ఆ పొద్దుటి నాలుగు వరసలూ వంకర, మిగతావన్నీ తాడు పట్టి గీసినట్టున్నాయి.

ఆ సాయంత్రం నాయనమ్మ వేణ్ణీళ్ళ గంగాళంలో కాళ్ళు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నేను దూరంగా, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మన పరువు పోయిందన్నాను. పరువనేది ఉంటే ఒక పాటకు పోతుందా, పాటకు పోయేదైతే ఎప్పుడో పోయి ఉండేదని ఆవిడ అంది. మరి అంత అబద్ధం ఎందుకు పాడావని అడిగాను. "ఓదార్పు మాటకి ఎదురు చెప్పేదేముంటుందే? తలూపడమే. ఊపి ఊపి దానికి మెడ పడిపోయింది. కాదు అనడానికి దానికొక మాట కావాలి" అంది. కాళ్ళు తుడుచుకుంటూ, తను బురదలో నిలబడి పాడుతుంటే ఎవరికీ తన మీద పాపం అనిపించలేదు కదా, అది తనకూ బాగానే ఉందని చెప్పి నవ్వింది.

ఇక్కడితో ఆపితే నాయనమ్మ గొప్ప అవుతుంది. కాని ఆ మర్నాడు జరిగింది కూడా చెప్పాలి. అక్క మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ పెరటి దారిన వచ్చే మనిషి, ఆ రోజు వీధి గుమ్మంలోంచి వచ్చి నిలబడింది. "మీరెందుకు పాడారో నాకు తెలుసండి. మొదటి రెండూ సరే. మూడోది అనకుండా ఉండాల్సిందండి అమ్మగారూ" అంది. నాయనమ్మ ఏదో సర్దిచెప్తుందనుకున్నాను. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ తప్పు ఒప్పుకున్నది నేను అంతవరకు చూడలేదు. ఆవిడ లేచి నిలబడింది. "అవును. అది తప్పే" అంది. ఎందుకు అనాల్సి వచ్చిందో చెప్పలేదు. అక్క, "రేపు మిగతా ఎకరం. రాకండి. మీ వరసలు పీకి మళ్ళీ నాటాల్సొస్తుంది" అనేసి వెళ్ళిపోయింది.

ఆమె దుఃఖం పోయిందని చెప్పను. ఆ తర్వాత కూడా గాలి వీచే రోజుల్లో ఆమె మాట్లాడేది కాదు. కాని బంటుమిల్లి నుంచి ఎవరినీ పిలవాల్సిన పని రాలేదు. ముఠాకు పాట ఆమే ఎత్తింది, ఆ ఏడూ, నేను పెళ్ళయి ఊరు విడిచేదాకా ప్రతి ఏడూ. వీపు వంగని చరణం కోడూరుదాకా పాకింది. బళ్ళో నన్ను చూసి ఆడపిల్లలు అది పాడేవాళ్ళు. మొదట ఏడ్చాను. తర్వాత, వాళ్ళు వరస తప్పు పాడుతున్నారని చెప్పి సరిచేశాను.

ఇప్పుడు మా రెండెకరాలూ చేపల చెరువు అయ్యాయి, మా చేతిలోనూ లేవు. దివాణం అన్న మాట ఊళ్ళో పిల్లలకు తెలియదు. నాయనమ్మ నాకు నేర్పిన సంగీతంలో చాలా భాగం గొంతులోంచి జారిపోయింది. ఆ రోజు మాత్రం మనసులోంచి జారలేదు. కష్టం వచ్చిన ఇంటికి వెళ్ళినప్పుడు మెత్తటి మాటలు నా నోటికి రావు. వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఆ ఇంటివాళ్ళకు ఇష్టమైన పాటేదో, పోయినవాళ్ళు పాడే పాటేదో, నెమ్మదిగా కూనిరాగం తీస్తాను. చావింట్లో పాటేమిటని పెద్దవాళ్ళు కళ్ళెర్రజేస్తారు. పాటంటే సంబరమనుకునేవాళ్ళతో నాకు వాదన లేదు. మూడో చరణందాకా వెళ్ళే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు, రాకపోవడమే మంచిదేమో. అయినా పరామర్శ చేతకాని మనిషినని, దివాణం పొగరు ఇంకా దిగలేదని బంధువుల్లో నాకు పేరుంది. ఒకటి రెండు ఇళ్ళలో, అప్పటిదాకా గోడకు ఆనుకుని పలకని మనిషే నన్ను లేచి బయటికి పొమ్మని అరిచింది. వెళ్ళిపోయాను. పొమ్మనడానికైనా గొంతు లేచింది కదా అనుకుంటూ, తల ఎత్తుకునే వెళ్ళాను.